అకలేషియాతో పాటు వికారం, పొట్ట గడబిడ కూడా వేధిస్తుంటే ఏం చేయాలి?

అకలేషియా అంటే అన్నవాహిక కింది చివర సరిగ్గా తెరుచుకోక తిన్నది కడుపులోకి దిగని జబ్బు. ఇది ఉన్నవాళ్లకి ముద్ద దిగదని ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఎందుకంటే అది కళ్లముందే జరుగుతుంది. కంచం ముందు గంటసేపు కూర్చుంటాం, గుక్క గుక్కకీ నీళ్లు తాగుతాం, మధ్యలో లేచి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్తాం. రోజంతా వదలకుండా ఉండే వికారం, పొట్ట ఉబ్బరం, నోట్లో నీళ్లూరడం మాత్రం ఎవరికీ కనిపించవు. ఈ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ఎకార్ట్ స్కోరులో నాలుగు విషయాలే ఉంటాయి: బరువు తగ్గడం, మింగలేకపోవడం, ఛాతీ నొప్పి, తిన్నది పైకి రావడం. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 12. వికారానికి అందులో మార్కులే లేవు. మీరు నోరు తెరిచి చెప్తే తప్ప అది మీ ఫైల్లోకి ఎక్కదు.

నేనూ ఈ జబ్బుతోనే బతుకుతున్నాను, పోయెమ్ (నోటి ద్వారా ఎండోస్కోపీతో ఆ బిగిసిన కండరాన్ని లోపలి నుంచే కోసే చికిత్స) చేయించుకున్నాను. అందుకే ఒక విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కడుపులో తిప్పగానే మాత్ర కోసం చెయ్యి చాపకండి. ఆ వికారం ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. అన్నవాహికలో తిండి నిలిచిపోయి రావచ్చు, ఆమ్లం ఎగదన్ని రావచ్చు, లేదా నిజంగానే కడుపులోనో పేగుల్లోనో తేడా చేసి రావచ్చు. ఈ మూడింటికీ చేయాల్సినవి వేరు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని ముదరబెడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పక్షవాతం వచ్చాకనో, పార్కిన్సన్స్ వల్లనో గొంతు దగ్గరే మింగడం దెబ్బతిని, నీళ్లు తాగితే పొలమారేవాళ్లకి కింద చెప్పే నీళ్ల చిట్కాలు వర్తించవు, ప్రమాదం కూడా. వాళ్ల గురించి తర్వాత వేరుగా రాశాను.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

అకలేషియాలో అన్నవాహిక గోడల్లోని నరాల కణాలు దెబ్బతింటాయి. దాంతో రెండు పనులు ఆగిపోతాయి. ముద్దను కిందికి నెట్టుకుపోయే కదలిక ఉండదు. కడుపులోకి తెరుచుకోవాల్సిన కింది కండరాల వలయం సమయానికి సడలదు. గరాటు మూతికి అడుగున వేలు అడ్డం పెట్టి పైనుంచి పోస్తున్నట్టు ఉంటుంది మన పరిస్థితి. పైన చేరినదాని బరువు పెరిగితేనే కింద కాస్త కాస్త జారుతుంది. మిగతాది గంటల తరబడి అక్కడే ఉండి పులుస్తుంది. నోటి దుర్వాసన, వికారం, ఛాతీలో బరువు, రాత్రి దగ్గు చాలావరకు ఇక్కడి నుంచే.

ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు ఇది. అరుదు కాబట్టే ఏళ్ల తరబడి "గ్యాస్" అనుకుని గడిపేసేవాళ్లు ఎక్కువ. మామూలు ఎండోస్కోపీలో ఏమీ లేదని వచ్చినా మింగడం కష్టంగానే ఉంటే, బేరియం తాగించి తీసే ఎక్స్‌రే, మానోమెట్రీ అనే ఒత్తిడి పరీక్ష గురించి అడగండి. రోగం తేల్చేది ముఖ్యంగా మానోమెట్రీయే.

చికిత్సలన్నీ ఆ కింది వలయాన్ని వదులు చేసేవే. జర్మనీలో హెల్లర్ 1913లో మొదలుపెట్టిన కండరం కోసే ఆపరేషన్, బెలూన్‌తో సాగదీయడం, బోటాక్స్ ఇంజక్షన్, 2008లో జపాన్‌లో ఇనోవే మొదటిసారి మనిషికి చేసిన పోయెమ్. హైదరాబాద్‌లో పోయెమ్ ఇప్పుడు బాగా అలవాటైన చికిత్స. కానీ వలయం తెరుచుకున్నంత మాత్రాన పోయిన కదలిక మామూలుగా తిరిగి రాదు. అందుకే చికిత్స అయ్యాక కూడా కింద చెప్పేవి పనికొస్తాయి.

మొదటి పని: పైకి వచ్చినదాన్ని చూడండి

అసహ్యమనిపించినా వెంటనే నీళ్లు కొట్టేయకండి, ఒక్క క్షణం చూడండి. డాక్టరు దగ్గర పది నిమిషాలు చెప్పేదానికంటే ఎక్కువ సమాచారం అందులో ఉంటుంది.

మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకులు సాయంత్రం మెతుకులుగానే వచ్చాయా? కూర ముక్క పట్టుకుని ఏ కూరో చెప్పగలిగేలా ఉందా? చుట్టూ తెల్లగా, జిగురుగా నురగ ఉందా? డోకు రాకుండా, పొట్ట బిగుసుకోకుండా, వంగగానే నోటినిండా వచ్చేసిందా? అయితే అది కడుపుదాకా చేరనే లేదు. అన్నవాహికలో నిలిచింది వెనక్కి వచ్చింది, అంతే. దీనికి వాంతుల మాత్ర ఏమీ చేయలేదు.

ముందు నోట్లో నీళ్లూరి, చెమట పట్టి, పొట్ట కండరాలు బిగుసుకుని, పచ్చగా చేదుగా వచ్చిందంటే అది నిజమైన వాంతి. ఆ పసరు కడుపు దాటి పేగు నుంచి వచ్చింది. అలాంటప్పుడు కారణాన్ని కడుపులో, పేగుల్లో, మందుల్లో వెతకాలి.

పులుపు మాత్రం కాస్త మోసం చేస్తుంది. పుల్లగా వచ్చింది కాబట్టి ఎసిడిటీయే అనుకుంటాం. అన్నవాహికలో నిలిచి పులిసిపోయిన తిండి కూడా పుల్లగానే ఉంటుంది, మంట కూడా పుడుతుంది. కాబట్టి పులుపు ఒక్కదాన్నే చూడకండి. చికిత్స కాకముందు మంట, పులుపు ఉంటే నిలిచిన తిండి మీద అనుమానం పెట్టుకోండి. చికిత్స అయ్యి మింగడం సులువయ్యాక మొదలైతే ఆమ్లం మీద అనుమానం పెట్టుకోండి.

ఒక చిన్న నోటుబుక్కులో ఈ కాసిని రాసుకోండి: టైము, తిన్నది ఎంత జారుగా ఉంది, వికారం తినకముందా తిన్నాకా, పైకి వచ్చింది ఎలా ఉంది, ఆ పూట వేసుకున్న మాత్రలు. బరువు వారానికోసారి, ఒకే త్రాసు మీద, పొద్దున్నే చూసుకోండి. రెండు వారాలు రాస్తే చాలు, లెక్క దానంతట అదే బయటపడుతుంది.

అన్నవాహికను ఖాళీగా ఉంచుకోండి

నిలిచిన తిండి వల్ల వచ్చే వికారానికి అసలు మందు ఇదే.

నిటారుగా కూర్చుని తినండి. సోఫాలో ఒరిగి కాదు, మంచం మీద కాదు. తింటున్నంతసేపూ, తిన్నాక కూడా గోరువెచ్చటి నీళ్లు పక్కనే పెట్టుకోండి. చల్లటి నీళ్లకి అన్నవాహిక ఇంకా బిగుసుకున్నట్టు, వేడి నీళ్లకి కాస్త వదులైనట్టు మనలో చాలామందికి అనుభవమే. తినడం అయ్యాక లేచి నిలబడి, కప్పు గోరువెచ్చటి నీళ్లు కాస్త పెద్ద గుక్కలతో తాగి, పది నిమిషాలు మెల్లగా నడవండి. కొంతమందికి భుజాలు వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి, ఊపిరి నిండా పీల్చితే ఛాతీలో ఏదో జారినట్టు తెలుస్తుంది. ఎక్కడో పట్టేసినట్టుంటే దాని మీద ఇంకో ముద్ద వేయకండి. ఆగండి. "ఇంకో ముద్ద తింటే అదే దిగుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు, కానీ ఆ మాట వినకండి.

సోడా జోలికి పోకండి. ఉబ్బరం అనగానే గోలీసోడానో ఈనోనో తాగించడం మన దగ్గర రివాజు. ఈ జబ్బులో అన్నవాహిక పైచివర ఉండే వలయం సరిగ్గా సడలక తేన్పు తేలిగ్గా రాదు. లోపలికి పోయిన గ్యాసుకి దారి ఉండక ఛాతీలో నొక్కేసినట్టు అవుతుంది, వికారం రెట్టింపవుతుంది. కొందరికి సోడా తాగితే ముద్ద దిగుతుంది, నిజమే. వాళ్లు కూడా రోజువారీ అలవాటు చేసుకోకపోవడం మంచిది.

గొంతులో వేళ్లు పెట్టి కక్కడం అలవాటు చేసుకోకండి. ఆ క్షణానికి ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పళ్లు అరిగిపోతాయి, కొన్నాళ్లకి వేళ్లు పెడితే తప్ప ఊరట లేని స్థితి వస్తుంది. దానంతట అదే వస్తుంటే ముందుకు వంగి వదిలేయండి. తర్వాత నోరు పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ మాత్రం చేయకండి.

రాత్రుల సంగతి వేరుగా చెప్పాలి. పొద్దున లేచేసరికి దిండు మీద తడి మరక, ఎండిన తెల్లటి నురగ కనిపిస్తే, రాత్రంతా అన్నవాహికలోది బయటికి కారుతోందని అర్థం. దగ్గుతో, ఊపిరాడక లేచారంటే అందులో కొంత ఊపిరితిత్తుల వైపు వెళ్తోందని అర్థం, అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కాబట్టి రాత్రి భోజనం ఏడింటిలోపు ముగించండి, అది కూడా జారుగా ఉండేదే. పడుకోవడానికి కనీసం మూడు నాలుగు గంటల వ్యవధి ఉండాలి. పడుకోవడానికి గంట ముందు నిలబడి కాసిని గోరువెచ్చటి నీళ్లతో లోపల కడిగేయండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలో చెక్కదిమ్మలో పెట్టి అర అడుగు ఎత్తు చేయండి. రెండు మూడు దిండ్లు పెడితే మెడ వంగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది, ఫలితం ఉండదు. మంచమే ఏటవాలుగా ఉండాలి. ఎడమ పక్కకి పడుకుంటే ఆమ్లం ఎగదన్నడం కూడా తగ్గుతుంది.

ఏం తినాలి, ఎలా తినాలి

రోజుకి మూడు పూటలు కడుపునిండా తినే పద్ధతి మానేయండి. ఆరుసార్లు, ఒక్కోసారి ఒక టీ గ్లాసుకి కాస్త ఎక్కువ, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు. వికారం ఉన్నప్పుడు ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది, నిండు కడుపు కూడా తిప్పుతుంది. మధ్యలో ఉంచడమే మన పని.

బాగా ఇబ్బంది పెట్టేవి చపాతీ, పూరీ, బ్రెడ్డు, బన్ను, ఆరిపోయిన అన్నం, మాంసం ముక్కలు, ములక్కాడ పీచు, గోంగూర తొడిమలు, గట్టి గారెలు. ఇడ్లీ మెత్తగానే ఉంటుంది కదా అనుకుంటాం. నమలగానే ముద్దకట్టి లోపల అంటుకుంటుంది. సాంబారులోనో పల్చటి మజ్జిగలోనో బాగా నానబెట్టి, స్పూనుతో మెదిపి తింటేనే దిగుతుంది.

నా ఓటు రాగి జావకి. రెండు స్పూన్ల రాగి పిండిని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకోవాలి. మరుగుతున్న నీళ్లలో పోసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు కలుపుతూనే ఉండాలి. పచ్చి వాసన పోయి, గరిటె ఎత్తితే ధారగా జారాలి, ముద్దగా పడకూడదు. చిన్న కన్నాల జల్లెడలో వడగట్టి, చల్లారాక పల్చటి మజ్జిగ, చిటికెడు ఉప్పు కలుపుకోండి. ఆ వడగట్టడం మాత్రం మానకండి. వికారంగా ఉన్నప్పుడు గొంతుకి తగిలే చిన్న పొట్టు కూడా డోకు తెప్పిస్తుంది. రాగి పడకపోతే బియ్యం నూక జావ, సగ్గుబియ్యం జావ చేసుకోవచ్చు. మాంసకృత్తుల కోసం పెసరకట్టు, కందిపప్పు తేట, మెత్తగా ఉడికించి మెదిపిన గుడ్డు, పెరుగు. అన్నం తినాలని మనసు పీకుతుంది, ఎందుకు పీకదు? మెత్తగా ఉడికించి పప్పు తేటతోనో మజ్జిగతోనో మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. కాస్త నెయ్యి వేసుకోండి. మరీ ఎక్కువైతే కడుపు ఖాళీ అవడం నెమ్మదించి మళ్లీ తిప్పుతుంది.

ముద్ద దిగక ద్రవాల మీద బతికేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. పాలు, ఐస్‌క్రీము, పాలల్లో కలిపే పొడులు, జ్యూసులు, ఇవే రోజంతా. పాలు అరగనివాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. చిన్నప్పటి నుంచి కప్పు కాఫీతో సరిపెట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా రోజుకి లీటరు పాలు తాగితే ఉబ్బరం, గుడగుడలు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. అది జబ్బు ముదరడం కాదు. నాలుగైదు రోజులు పాలు ఆపి పెరుగు, మజ్జిగకి మారి చూడండి. జ్యూసుల్లో చక్కెర తగ్గించండి.

దీనికి తిరగేసిన సమస్య మలబద్ధకం. పీచు లేదు, తినేదే తక్కువ, నీళ్లు తక్కువ. నాలుగు రోజులు మోషన్ అవకపోతే ఎవరికైనా వికారం వస్తుంది. వడగట్టిన బొప్పాయి గుజ్జు, నానబెట్టిన కిస్మిస్ నీళ్లు, చాలకపోతే డాక్టరు రాసిన సిరప్. ఇసబ్గోలు పొట్టు మాత్రం వద్దు. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, సరిగ్గా దిగని అన్నవాహికలో అడ్డం పడి ప్రాణం మీదికి తెస్తుంది. "అది ఆకు మందేగా" అనేవాళ్లకి ఈ విషయం చెప్పండి.

వాసనలు కూడా చూసుకోండి. పోపు ఘాటు, చేపల వేపుడు, కాగిన నూనె వాసన వికారాన్ని ఇంకా రేపుతాయి. ఇంట్లో వంట అయ్యాక కాసేపు ఆగి, చల్లారిన తిండి వేరే గదిలో తినండి. అల్లం కొందరికి నిజంగా పనిచేస్తుంది. చిన్న ముక్క దంచి, నీళ్లలో మరిగించి, వడగట్టి గోరువెచ్చగా తాగండి. మంట పుడితే ఆపేయండి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగండి. పుదీనా కండరాలను సడలిస్తుంది. పోయెమ్ అయినవాళ్లకి ఆ సడలింపే ఎగదన్నడాన్ని పెంచవచ్చు.

మాత్రల విషయంలో తొందరపడకండి

వికారం అనగానే మెడికల్ షాపులో ఇచ్చేది పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిపిన గొట్టం మాత్ర. అన్నవాహికలో నిలిచిన తిండికి ఇది మందు కాదు. డోంపెరిడోన్ తక్కువ మోతాదులో, కొద్దిరోజులకే వాడాల్సిన మందు. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకి ప్రమాదం. మెటోక్లోప్రమైడ్ అనే ఇంకో వాంతుల మందు ఇంకా తిరగబడుతుంది. అది కింది వలయాన్ని బిగిస్తుంది, మన సమస్యే ఆ బిగుతు. పైగా కొందరిలో మెడ, దవడ, కళ్లు తమ అదుపు లేకుండా మెలితిరిగేలా చేస్తుంది. వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ నాలుక మీద కరిగే రూపంలో దొరుకుతుంది కాబట్టి మింగలేనివాళ్లకి వీలు. దానికి మలబద్ధకం, తలనొప్పి ఉంటాయి, గుండె లయ విషయంలో ఇదీ జాగ్రత్తగా వాడాల్సిందే. ఇవన్నీ డాక్టరు రాస్తేనే.

మీ వికారానికి కారణం ఇప్పటికే మీ మందుల డబ్బాలో ఉందేమో చూడండి. షుగరుకి మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ వికారం తెప్పిస్తాయి. బరువు తగ్గడానికి, షుగరుకి ఈమధ్య వాడుతున్న సెమాగ్లుటైడ్ లాంటి ఇంజక్షన్లు కడుపు ఖాళీ అవడాన్నే నెమ్మదింపజేస్తాయి. అకలేషియాకి నాలుక కింద పెట్టే నైట్రేట్, నిఫెడిపిన్ లాంటివి బీపీ తగ్గించి తల తిప్పిస్తాయి, దాంతో వికారం. మీ అంతట మీరు ఆపకండి, జాబితా పట్టుకెళ్లి అడగండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వేసుకుని తిన్నది కక్కేస్తే షుగరు పడిపోతుంది, ఆ రోజు ఏం చేయాలో ముందే అడిగి రాసిపెట్టుకోండి.

మింగిన మాత్ర అన్నవాహికలోనే ఉండిపోతే అక్కడ పుండు చేస్తుంది. డాక్సీసైక్లిన్, ఐరన్, పొటాషియం, నొప్పి మాత్రలు ఇందులో పేరుమోసినవి. ఎముకలకి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ అకలేషియా ఉన్నవాళ్లు వాడకూడదు. ఏ మందు రాసినా "సిరప్ ఉందా, నోట్లో కరిగేది ఉందా, పొడి చేయొచ్చా" అని మూడు ప్రశ్నలూ అడగండి. అన్ని మాత్రలూ పొడి చేయకూడదు. పాంటోప్రజోల్ మాత్ర మీద ఉండే పూత కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడడానికే. పొడి చేస్తే పనిచేయదు. చిన్న గుళికలు ఉండే కొన్ని గొట్టాలను విప్పి మెత్తటి తిండిలో కలిపి, నమలకుండా మింగొచ్చు. ఏవి అలాంటివో ఫార్మసిస్టు చెప్తారు.

చికిత్స అయ్యాక వికారం మిగిలితే

పోయెమ్ తర్వాత వలయం తెరుచుకుని ఉంటుంది, కాబట్టి ఆమ్లం పైకి రావడం మామూలే. కొందరికి మంట ఏమీ తెలియకుండానే అన్నవాహిక ఒరుసుకుపోతుంది. పొద్దున్నే వికారం, గొంతు గరగర, నోట్లో పులుపు మాత్రమే ఉండొచ్చు. మంట లేదు కదా అని ఆమ్లం తగ్గించే మాత్ర మానేయకండి, చెప్పిన టైముకి ఎండోస్కోపీ చేయించుకోండి. ఆ మాత్ర టిఫినుకి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లు అప్పుడప్పుడు బీ12 చూపించుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గితే పేగుల ఇన్ఫెక్షన్లు కాస్త సులువుగా అంటుకుంటాయి కాబట్టి బయటి పచ్చళ్లు, కాచని నీళ్లు తగ్గించండి.

మింగడం బాగుంది, కానీ నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి గంటల తరబడి తిప్పుతోందంటే కడుపు ఖాళీ అవడం నెమ్మదించిందేమో చూడాలి. ఆపరేషన్‌లో కడుపు కదలికలను నడిపించే వేగస్ నరానికి దెబ్బ తగిలినా, ఏళ్ల నాటి షుగరు ఉన్నా ఇలా జరుగుతుంది. దానికి వేరే పరీక్ష ఉంది, అడగండి. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందేమో కూడా చూస్తారు. ఊది చేసే పరీక్షకి రెండు వారాల ముందు నుంచీ ఆమ్లం మాత్రలు ఆపాల్సి ఉంటుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలో చూసి సరిగ్గా అన్ని నీళ్లలోనే కలపండి. పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి ఉంటుంది. గ్లాసు ఎత్తి తాగకండి. కూర్చుని నిమిషానికి ఒక టీస్పూను. గంటకి 300 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి, కడుపుకి తెలియను కూడా తెలియదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టి. కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో ఉప్పు తక్కువ, వాటి మీదే ఆధారపడకండి. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకోకండి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

వారాల తరబడి సరిగ్గా తినక, వాంతులతో నీరసించి ఉంటే వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం చాలామంది చేసే పని. అక్కడ ఒక అపాయం ఉంది. ఒంట్లో విటమిన్ బీ1 (థయమిన్) అడుగంటి ఉన్నప్పుడు నేరుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. "చాలా రోజులుగా తినడం లేదు, ముందు థయమిన్ ఇస్తారా?" అని మీరే అడగండి. చూపు రెండుగా కనిపించడం, నడిస్తే తూలడం, మాట తడబడి అయోమయంగా ఉండడం కనిపిస్తే ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు

సొంత ఉమ్మి కూడా మింగలేకపోతే ఆగకండి. వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటిది, తారులా నల్లటి విరేచనం, జ్వరంతో దగ్గు, ఆయాసం, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, పొట్ట గట్టిగా బిగిసి విపరీతమైన నొప్పి, పోయెమ్‌కో బెలూన్ చికిత్సకో తర్వాత మెడ, ఛాతీ ఉబ్బి నొప్పి, ఇవన్నీ ఆసుపత్రి పనులే. ఛాతీ నొప్పి ఎప్పుడూ ఉండేదేగా అనుకోకండి. చెమటలతో, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి అయితే ముందు ఈసీజీ.

నెలలో బరువు 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే డాక్టరు అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోండి. పెద్ద వయసులో, కొద్ది నెలల్లోనే మింగుడు కష్టం ముదిరి బరువు బాగా పడిపోతే అకలేషియాలాగే కనిపించే క్యాన్సరు కాదని తేల్చుకోవాలి.

గొంతు దగ్గర సమస్య ఉన్నవాళ్లకి

పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. గొంతు మూసుకునేలోపే ఊపిరి గొట్టంలోకి పోతాయి. ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. వాళ్లకి వికారం ఉన్నప్పుడు బలవంతంగా తినిపించవద్దు. వాంతి వస్తుంటే వెల్లకిలా ఉంచకుండా కూర్చోబెట్టి ముందుకు వంచండి, కూర్చోలేకపోతే పక్కకి తిప్పండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు. వణుకు, బిగుతు ఇంకా పెరుగుతాయి. ఎమర్జెన్సీలో వాంతుల ఇంజక్షన్ అనగానే అదే ఇచ్చే అవకాశం ఉంది, జబ్బు పేరు ముందే చెప్పండి. ట్యూబు ద్వారా తిండి ఇస్తుంటే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పెట్టి, ఇచ్చాక గంటసేపు అలాగే ఉంచాలి. వేగంగా పోస్తే వికారం ఖాయం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

"గ్యాస్, వికారం" అని రెండు మాటల్లో చెప్పి ఊరుకోకండి. నోటుబుక్కు తీసి చూపించండి. "తిన్న నాలుగు గంటలకి మెతుకులు మెతుకులుగానే వస్తున్నాయి, డోకు లేదు" అంటే ఒక దారి. "మింగడం బాగానే ఉంది, పసరు వస్తోంది" అంటే ఇంకో దారి. వీలైతే పైకి వచ్చినదాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఎండోస్కోపీ రాస్తే, అందరికీ చెప్పినట్టు రాత్రి నుంచి తినకుండా వస్తే చాలు అని అక్కడి సిబ్బంది చెప్పొచ్చు. అకలేషియాలో నిన్నటి తిండి కూడా లోపలే ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల ముందు నుంచే ద్రవాలు మాత్రమే తీసుకోవాలా అని మీ డాక్టర్ని అడగండి. మత్తు ఇచ్చే డాక్టరుకి మీ నోటితో మీరే చెప్పండి: "నాకు అకలేషియా ఉంది, లోపల తిండి మిగిలి ఉండొచ్చు." ఫైల్లో రాసి ఉన్నా సరే, బల్ల మీద పడుకోకముందే ఇంకోసారి చెప్పండి.